వాక్యాన్ని ఎక్కడ విరవాలి?

ప్రశ్న: మాస్టారూ, నేను ఏయూలో ఎమ్మెస్సీ చివరి ఏడాది చదువుతున్నాను, వాతావరణ శాస్త్రం. ప్రాజెక్టు కోసం మా సీనియర్ వాడిన పాత ఫోర్ట్రాన్ (లెక్కలకు వాడే కంప్యూటర్ భాష) ప్రోగ్రామ్ తీసుకున్నాను. గాలి వేగం ఒక హద్దు దాటితే మత్స్యకారులకు హెచ్చరిక ప్రింట్ అవ్వాలి. లెక్కలన్నీ సరిగ్గా వస్తున్నాయి. ఈ ఒక్క వాక్యం దగ్గరే వారం నుంచి ఆగిపోయాను. పాత ఫైలులో ఇంగ్లిష్ వాక్యాన్ని రెండు లైన్లుగా రాస్తే మధ్యలో 14 స్పేస్‌ల ఖాళీ వచ్చింది. ఫైలును ఎఫ్90కి, అంటే ఫోర్ట్రాన్ కొత్త పద్ధతికి మార్చి, వాక్యం తెలుగులో రాసి, లైను చివర & పెడితే ఒకచోట మాటలు అతుక్కుపోయాయి, ఇంకోచోట పెద్ద ఖాళీ వచ్చింది. పైగా విశాఖపట్నం అనే పేరు సగంలో తెగి, చివర ప్రశ్న గుర్తున్న నల్ల డైమండ్ వస్తోంది. లైను పొడవు పరిమితి తీసేసే ఆప్షన్ పెట్టుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు. పది రోజుల్లో వైవా. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

సమాధానం:

అమ్మా, ముందు టెన్షన్ తగ్గించుకో. నువ్వు రాసినవన్నీ వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తున్నాయి కానీ, డైమండ్ గుర్తు తప్ప మిగతావన్నీ ఒక్క కారణం నుంచే వచ్చాయి. కొటేషన్ల మధ్య ఉన్నప్పుడు స్పేస్ కూడా ఒక అక్షరమే. మామూలు కోడ్‌లో రెండు స్పేస్‌లు ఎక్కువైనా, తక్కువైనా కంపైలర్ (మన కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రామ్) పట్టించుకోదు. కొటేషన్ తెరిచిన క్షణం నుంచి మూసేదాకా మాత్రం ప్రతి ఖాళీనీ మనం కావాలని రాసిన అక్షరంగానే తీసుకుంటుంది. కొటేషన్ మూయకుండా లైను విరిచామంటే, ఆ విరుపు చుట్టూ ఉన్న ఖాళీలు మన వాక్యంలోకి వచ్చేస్తాయి, లేదా మనకు కావలసిన ఖాళీ పోతుంది.

పాత ఫైలు సంగతి చూద్దాం. నీ 14 స్పేస్‌లు ఎక్కడివో ఇక్కడి నుంచే చెప్పగలను. నీ మొదటి లైను 58వ కాలమ్‌లో, అంటే లైనులో 58వ అక్షరం చోట ఆగి ఉంటుంది. పాత ఫోర్ట్రాన్‌లో, అంటే ఫిక్స్‌డ్ ఫారంలో, 1 నుంచి 5 కాలమ్‌లు లేబుల్‌కి, 6వది కొనసాగింపు గుర్తుకి, 7 నుంచి 72 దాకా అసలు కోడ్‌కి. వాక్యం 58లో ఆగినా, ఆ లైను 72 దాకా ఉన్నట్టే లెక్క. కొటేషన్ ఇంకా తెరిచే ఉంది కాబట్టి 59 నుంచి 72 వరకు ఉన్న ఖాళీలన్నీ వాక్యంలో భాగమయ్యాయి. లెక్క పెట్టు, సరిగ్గా 14. తర్వాతి లైనులో 7వ కాలమ్ నుంచి వాక్యం మళ్లీ మొదలైంది.

ఈ 72 ఎందుకో తెలుసుకుంటే మర్చిపోవు. 1957లో ఐబీఎం సంస్థ ఫోర్ట్రాన్‌ను 704 అనే యంత్రం కోసం విడుదల చేసింది. ప్రోగ్రామ్‌ను 80 కాలమ్‌ల కార్డుల మీద చిల్లులు కొట్టి ఇచ్చేవారు. ఆ యంత్రంలో ఒక్కో వర్డ్‌కి, అంటే యంత్రం ఒక్కసారిగా తీసుకునే ముక్కకి, 36 బిట్లు. కార్డు రీడర్ ఒక్కో అడ్డ వరుసను రెండు వర్డ్‌లుగా చదివేది, అంటే 72 కాలమ్‌లు. మిగిలిన 8 కాలమ్‌లలో కార్డుల వరుస నంబర్లు వేసుకునేవారు, కట్ట చేతిలోంచి జారి కింద పడితే మళ్లీ సర్దుకోడానికి. అందుకే 73వ కాలమ్ నుంచి ఏం రాసినా కంపైలర్ చూడదు.

నీకు ఖాళీ ఎక్కువ వచ్చింది, బయటికి కనిపించింది. నా విషయంలో మాట పోయింది, బయటికి కనిపించలేదు. ఇరవై ఏళ్ల పైమాట. నేను పనిచేసిన చోట కెరటాల ఎత్తు లెక్కగట్టే ప్రోగ్రామ్ ఒకటి ఉండేది. టేబుల్ కింద ఇంగ్లిష్‌లో ఒక గమనిక ప్రింట్ అయ్యేది: దిస్ వాల్యూ ఈజ్ నాట్ వాలిడ్ ఫర్ డిజైన్. ఈ అంకెను డిజైన్‌కి వాడొద్దని దాని అర్థం. ఆ వాక్యం రెండు లైన్లలో ఉండేది. ‘నాట్’ అన్న మూడు ఇంగ్లిష్ అక్షరాలు సరిగ్గా 70, 71, 72 కాలమ్‌లలో పడ్డాయి. తర్వాతి లైను ఒక స్పేస్‌తో మొదలై ‘వాలిడ్’ అని సాగేది. ఒకరోజు నేను ఆ ప్రింట్ లైనును ఒక ఇఫ్ బ్లాక్ (షరతు నిజమైతేనే నడిచే భాగం) లోపల పెట్టాను. చూడ్డానికి బాగుంటుందని మూడు స్పేస్‌లు కుడికి జరిపాను. అంతే. ‘నాట్’ 73, 74, 75లోకి వెళ్లిపోయింది. కంపైలర్ ఒక్క మాట అనలేదు. ప్రోగ్రామ్ నడిచింది. టేబుల్ కింద ‘ఈజ్ వాలిడ్ ఫర్ డిజైన్’ అని వచ్చింది. వాడొద్దు అని ఉండాల్సిన చోట వాడుకోవచ్చు అని అచ్చయింది!

పక్క సీటులోని ఆయన ఆ కాగితం చూసి, ‘ఈజ్’కి ‘వాలిడ్’కి మధ్య రెండు స్పేస్‌లు ఉన్నాయేంటి అని అడిగారు. మొదటి లైను చివరి స్పేస్ ఒకటి, రెండో లైను మొదటి స్పేస్ ఒకటి. మధ్యలో ఉండాల్సిన మాట లేదు. ఆయన ఆ రెండో స్పేస్ చూడకపోతే ఆ కాగితం ముందుకి వెళ్లిపోయేదే. ఇప్పటికీ నాకు ఆ మధ్యాహ్నం గుర్తొస్తే చేతులు చల్లబడతాయి.

నువ్వు రాస్తున్నది మత్స్యకారులకు హెచ్చరిక. ‘సముద్రంలోకి వెళ్లరాదు’ అన్న వాక్యంలో ‘రాదు’ పోతే ఏమవుతుందో ఆలోచించు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి మీద తీరం దాటిన రోజు చూసినవాళ్లకి, హెచ్చరికలో ఒక్క మాట విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు. నీది చదువు కోసం చేస్తున్న ప్రాజెక్టే కావచ్చు. అయినా ఫిషింగ్ హార్బర్‌లో ఒక మనిషి చదువుతాడని అనుకునే రాయి.

ఇక ఎఫ్90 ఫైలు. దీన్ని ఫ్రీ ఫారం అంటారు. కాలమ్‌ల గొడవ లేదు. మామూలుగా లైనుకు 132 అక్షరాల దాకా రాయొచ్చు. లైను చివర & పెడితే వాక్యం కింద కొనసాగుతుంది. కొటేషన్ బయట అయితే అంతటితో సరి. కొటేషన్ లోపల విరిచినప్పుడు మాత్రం రెండు & గుర్తులు కావాలి, పై లైను చివర ఒకటి, కింది లైను మొదట ఒకటి. పై & కి ముందున్న ఖాళీలన్నీ వాక్యంలోవే. కింది & తర్వాత ఉన్న ఖాళీలన్నీ కూడా వాక్యంలోవే. కింది & కి ముందు ఎన్ని ఖాళీలున్నా లెక్కలోకి రావు. నీకు మాటలు అతుక్కున్న చోటు ఇలా ఉండి ఉంటుంది:

'విశాఖ పోర్ట్&
     &వద్ద మూడో నంబరు ప్రమాద హెచ్చరిక'

బయటికి వచ్చేది: విశాఖ పోర్ట్వద్ద మూడో నంబరు ప్రమాద హెచ్చరిక. చూశావా, ‘ట్’ పొల్లు, ‘వ’ పక్కపక్కన పడేసరికి వకారం ఒత్తయి కూర్చుంది. ఇంగ్లిష్‌లో అయితే రెండు మాటలు కలిసిపోయాయని చూడగానే తెలుస్తుంది. తెలుగులో అక్షరం రూపమే మారిపోతుంది, తప్పు ఎక్కడుందో వెతకడం ఇంకా కష్టం. పెద్ద ఖాళీ వచ్చిన చోట నువ్వు దీనికి తిరగేసి చేసి ఉంటావు. & ని లైను మొదట్లో పెట్టి, దాని తర్వాత అందంగా ఉంటుందని ఖాళీలు వదిలావు:

'విశాఖ పోర్ట్ &
&     వద్ద మూడో నంబరు ప్రమాద హెచ్చరిక'

ఇక్కడ ‘పోర్ట్’ తర్వాత ఒకటి, ‘వద్ద’ ముందు అయిదు, మొత్తం ఆరు స్పేస్‌లు.

కింది & అసలు పెట్టకపోతే? రూల్ ప్రకారం అది తప్పు. జీఫోర్ట్రాన్ అనే కంపైలర్ మాత్రం సర్దుకుపోయి, కింది లైనులో ఖాళీ కాని మొదటి అక్షరం నుంచి వాక్యం సాగుతుందని అనుకుంటుంది. నీ లాప్‌టాప్‌లో నడిచింది కదా అని అలా వదిలేయకు. రేపు వేరే కంపైలర్ ఉన్న మిషన్ మీద అదే ఫైలు మొరాయించవచ్చు. ఇంకో సంగతి, కొటేషన్ లోపల విరిచినప్పుడు పై & తర్వాత ! పెట్టి కామెంట్ రాయకూడదు.

ఈ రూల్స్ అన్నీ చెప్పాను కానీ, నా మాట విను, కొటేషన్ లోపల అసలు విరవకు. ప్రతి లైనులోనూ కొటేషన్ తెరిచి, ఆ లైనులోనే మూసెయ్. ముక్కల్ని రెండు స్లాష్‌లతో (//) కలుపు. కింద చదవడానికి వీలుగా వేరియబుల్ (వాక్యాన్ని దాచుకునే చోటు) పేరు తెలుగులో రాస్తున్నాను. కోడ్‌లో పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి, కొటేషన్ల మధ్య మాత్రం తెలుగు ఉండొచ్చు.

హెచ్చరిక = 'విశాఖ పోర్ట్ వద్ద మూడో నంబరు ' // &
      'ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు. ' // &
      'వేటకు వెళ్లిన వారు వెంటనే ' // &
      'తీరానికి చేరుకోవాలి.'

ఇందులో ఒక్క పద్ధతి పాటించు. స్పేస్ ఎప్పుడూ ముక్క చివరే ఉండాలి, మొదట ఉండకూడదు. అన్ని ముక్కలకీ అదే అలవాటు చేసుకుంటే, కళ్లతో పైనుంచి కిందికి ఒక్కసారి చూస్తే చాలు, ఏ కొటేషన్‌కి ముందు ఖాళీ లేదో దొరికిపోతుంది. ఒకసారి చివర, ఒకసారి మొదట పెడితే రెండు స్పేస్‌లో, సున్నా స్పేస్‌లో తప్పవు. లైన్లను ఎంత కుడికి జరిపినా వాక్యం మారదు, ఎందుకంటే ఖాళీలు ఇప్పుడు కొటేషన్ బయట ఉన్నాయి. & తర్వాత కామెంట్ కూడా రాసుకోవచ్చు.

నాకు ఈ పద్ధతి నచ్చడానికి అసలు కారణం ఇంకొకటి. పాత ఫిక్స్‌డ్ ఫారంలో కూడా ఇలాగే ముక్కలుగా రాస్తే, పొరపాటున లైను 72 దాటినప్పుడు ముందు పోయేవి చివర ఉన్న స్లాష్‌లు, మూసే కొటేషన్. అవి పోతే కంపైలర్ ఊరుకోదు, ఎర్రర్ ఇస్తుంది. అప్పట్లో నేను ఇలా రాసి ఉంటే నా ‘నాట్’ మాయమైన రోజే నాకు తెలిసేది.

మీ ఫ్రెండ్స్ చెప్పిన ఆప్షన్ సంగతి. జీఫోర్ట్రాన్‌లో లైను పొడవు పరిమితి తీసేసే ఆప్షన్ ఉన్న మాట నిజమే. ఫోర్ట్రాన్ 2023 ప్రమాణంలో ఫ్రీ ఫారం లైను హద్దును ఏకంగా 10,000 అక్షరాలకు పెంచారు కూడా. అయినా నేను వద్దంటాను. ఆప్షన్ ఉండేది నీ కమాండ్‌లో, ఫైలులో కాదు. నీ తర్వాత వచ్చే జూనియర్ ఆ ఆప్షన్ లేకుండా కంపైల్ చేస్తాడు. ఫ్రీ ఫారం అయితే లైను తెగిందని ఎర్రర్ వస్తుంది, ఫర్వాలేదు. ఫిక్స్‌డ్ ఫారంలో అయితే జీఫోర్ట్రాన్ మామూలుగా నోరు విప్పదు, వాక్యం తెగినా కంపైల్ చేసేస్తుంది. నువ్వు పెట్టాల్సిన ఆప్షన్ వేరే ఉంది. హైఫన్, పెద్ద డబ్ల్యూ, ఆ వెంటనే ఆల్. అది పెడితే తెగిన లైన్ల గురించీ, లేని & గుర్తుల గురించీ ముందే హెచ్చరిస్తుంది. రోజూ అలాగే కంపైల్ చెయ్.

ఇక డైమండ్ గుర్తు. దీనికి లైను విరవడంతో సంబంధం లేదు. నువ్వు ఊరి పేరు వేరియబుల్‌కి 20 చోట్లు ఇచ్చి ఉంటావు. విశాఖపట్నం అని మన కంటికి అయిదారు అక్షరాలే కనిపిస్తాయి కాబట్టి 20 చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ ఫోర్ట్రాన్ మామూలు క్యారెక్టర్ వేరియబుల్ లెక్కపెట్టేది బైట్లు. ఫైలు యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడింగ్‌లో ఉంటే తెలుగులో ప్రతి గుర్తుకీ 3 బైట్లు. గుడి, దీర్ఘం, పొల్లు, సున్నా కూడా వేర్వేరు గుర్తులే. వ, గుడి, శ, దీర్ఘం, ఖ, ప, ట, పొల్లు, న, సున్నా. మొత్తం 10 గుర్తులు, 30 బైట్లు. 20 బైట్లలో పట్టింది ‘విశాఖప’ దాకా 18 బైట్లు, ఆపైన ‘ట’లో మూడింట రెండు వంతులు. ఆ సగం తెగిన ‘ట’నే నీ స్క్రీన్ డైమండ్‌గా చూపిస్తోంది. చోటు చాలకపోతే ఫోర్ట్రాన్ ఎర్రర్ ఇవ్వదు, పట్టినంత పెట్టుకుని మిగతాది వదిలేస్తుంది. ఇది దాని పాత అలవాటు.

మందు సులువే. 2003 ప్రమాణం నుంచి పొడవు చెప్పకుండా వేరియబుల్ ప్రకటించే వీలుంది. పొడవు చోట అంకె బదులు రెండు చుక్కలు (:) పెట్టి, పక్కన అలొకేటబుల్ అని రాయి. ఎంత వాక్యం ఇస్తే అంత చోటు అదే తీసుకుంటుంది. ఎప్పటికీ మారని వాక్యమైతే పారామీటర్‌గా ప్రకటించి పొడవు చోట నక్షత్రం గుర్తు (*) పెట్టు, పొడవు అదే లెక్కేసుకుంటుంది. ఒకవేళ ఊరి పేరు వేరియబుల్‌ని 60 బైట్ల స్థిరమైన పొడవుతోనే ఉంచుకుంటే, వాక్యంలో కలిపేటప్పుడు చివరి ఖాళీలు తీసేసే ట్రిమ్ వాడు. లేకపోతే పేరు తర్వాత 30 స్పేస్‌లు వచ్చి, మళ్లీ నీ మొదటి సమస్యే మొదలవుతుంది. ట్రిమ్ చేశాక పేరు చివర ఒక్క స్పేస్ కూడా మిగలదు, కాబట్టి అక్కడ ' ' అని ఒక స్పేస్ ముక్కను విడిగా కలపాలి.

ప్రింట్ చేసేటప్పుడు నక్షత్రం గుర్తు (*) ఫార్మాట్ వాడితే మొదట ఒక ఖాళీ వస్తుంది, పొడుగు వాక్యాన్ని కొన్ని కంపైలర్లు తమకు నచ్చిన చోట విరుస్తాయి కూడా. దాని బదులు కొటేషన్లలో, బ్రాకెట్ లోపల ‘ఏ’ ఒక్కటే ఇచ్చే ఫార్మాట్ వాడు. వాక్యం ఉన్నది ఉన్నట్టు వస్తుంది. సరిచూసుకునే రోజుల్లో వాక్యానికి అటూ ఇటూ నిలువు గీత (|) కలిపి ప్రింట్ చెయ్. చివర్లో దాక్కున్న ఖాళీలు అప్పుడు బయటపడతాయి.

హెచ్చరిక ఒక్కటే కాకుండా పది పదిహేను వాక్యాలుంటే మాత్రం వాటిని కోడ్‌లో పెట్టకు. ఒక టెక్స్ట్ ఫైలులో వరుసకి ఒకటి రాసి, ప్రోగ్రామ్ మొదట్లో చదివించు. చదివే వేరియబుల్ పొడవు బైట్లలో ఉదారంగా, 500 అలా ఇవ్వు. అప్పుడు వాక్యంలో తప్పు దిద్దడానికి ఫోర్ట్రాన్ తెలిసిన మనిషే అక్కర్లేదు. చదవడం, రాయడం వచ్చిన ఎవరైనా ఆ ఫైలు తెరిచి సరిచేస్తారు.

ఈ పది రోజుల్లో పాత ప్రోగ్రామ్ మొత్తాన్ని ఎఫ్90కి మార్చాలని కూర్చోకు. లెక్కలు సరిగ్గా వస్తున్నాయన్నావు, వాటి జోలికి వెళ్లొద్దు. హెచ్చరిక ప్రింట్ చేసే భాగాన్ని మాత్రం విడిగా ఒక సబ్‌రొటీన్‌గా ఎఫ్90 ఫైలులో రాసి, పాత ఫైలు నుంచి కాల్ చెయ్. రెండు ఫైళ్లనూ కలిపి కంపైల్ చేయొచ్చు, ఏ ఫైలు ఏ ఫారమో పేరు చివరి అక్షరాలను బట్టి కంపైలరే గుర్తుపడుతుంది. ఆ పని ఒక పూటలో అయిపోతుంది. అయ్యాక పాత ఫైలులో 72 దాటిన లైన్లు ఇంకెక్కడైనా ఉన్నాయేమో ఆ హెచ్చరికల ఆప్షన్ పెట్టి ఒకసారి చూడు. ఒక్కటైనా కనిపిస్తే, వైవాకి ముందే మీ సీనియర్‌కి ఫోన్ చేసి చెప్పు. ఆ ప్రోగ్రామ్ ఇంకా ఎవరి దగ్గరుందో తనకే తెలుస్తుంది.